ఒక్క రోబో, నలభై మంది పిల్లలు: బడిలో కంప్యూటర్ సైన్స్ మొదలుపెట్టేదెలా?

మీరు కనిగిరి వైపో, ఆత్మకూరు వైపో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నారనుకుందాం. బీరువాలో ఒక రోబో కిట్టు ఉంది. అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద వచ్చిందో, పూర్వ విద్యార్థి ఎవరైనా కొనిచ్చారో. సైన్స్ ఫెయిర్ రోజున, పై అధికారి వచ్చిన రోజున బయటికొస్తుంది. బాగా చదివే ఇద్దరు పిల్లలు నడిపిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు, మళ్లీ బీరువాకు తాళం.

ఆ కిట్టుతోనే ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికో పీరియడ్ చొప్పున కంప్యూటర్ సైన్స్ చెప్పొచ్చు. ఒక రోబో, ఒక ల్యాప్‌టాప్ చాలు. మీరు లెక్కల టీచరైనా, ఫిజిక్స్ టీచరైనా సరే, కోడింగ్ ముందే వచ్చి ఉండాల్సిన పని లేదు. షరతు ఒక్కటే. పిల్లలు ముందు ప్రోగ్రాం రాయాలి, ఏం జరుగుతుందో నోటితో చెప్పాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి అయినప్పుడు పాఠం మొదలైనట్టు. ఏ దశలోనూ ఈ వరస తప్పనివ్వకండి. వాళ్లు ఊరికే స్విచ్ వేసి చూస్తే అది బొమ్మ కారే, అంతకు మించి ఏమీ కాదు.

మొదటి రెండు వారాలు కిట్టు తీయొద్దు

వరండాలో సుద్దముక్కతో అడ్డం ఆరు, నిలువు ఆరు గడులు గీయండి. ఒక గడిలో వాటర్ బాటిల్ పెట్టండి. ఒక అమ్మాయిని రోబోగా నిలబెట్టండి. మిగతావాళ్లు ఐదుగురేసి జట్లుగా కూర్చుని ఆజ్ఞలు రాయాలి: ముందుకు, ఎడమకు, కుడికి, తీసుకో. ఈ నాలుగే. రాయడానికి పలకలైతే మేలు, మార్కాపురం చుట్టుపక్కల వాళ్లకు వాటికి కొదవ లేదు. దొరక్కపోతే పాత క్యాలెండర్ల వెనకవైపు పెన్సిల్‌తో రాయించండి. చెరిపే వీలుంటేనే పిల్లలు ధైర్యంగా రాస్తారు. పెన్నుతో నోటుబుక్కులో రాయమంటే కొట్టివేతలకు భయపడి, పక్కవాడిది చూసి ఎక్కించుకుంటారు.

రోబోగా నిలబడ్డ పిల్ల సొంత తెలివి వాడకూడదు. ఎదురుగా గోడ ఉన్నా 'ముందుకు' అంటే ముందుకే. ఐదు నిమిషాల్లో మొదటి తగువు వస్తుంది. 'ఎడమకు' అంటే ఉన్నచోటే తిరగడమా, ఎడమ పక్క గడిలోకి వెళ్లడమా? అసలు ఎవరి ఎడమ, రాసినవాడిదా, రోబోదా? మీరు తీర్పు చెప్పకండి. వాళ్లనే వాదించుకోనివ్వండి. చివరికి ఒక ఒప్పందానికి వస్తారు, దాన్ని బోర్డు మీద రాయండి. కంప్యూటర్ భాష అంటే ఇలాంటి ఒప్పందాల చిట్టాయే అని అప్పుడు చెబితే వాళ్లకు వెంటనే ఎక్కుతుంది.

రెండో వారం బాటిల్‌ను దూరంగా పెట్టండి. 'ముందుకు, ముందుకు, ముందుకు' అని రాసి రాసి విసుగెత్తిన ఒకడు 'ముందుకు 5' అని రాస్తాడు. అది వాళ్ల నుంచే రానివ్వండి. తర్వాత గడుల చుట్టూ చదరంగా తిరిగి రావాలని చెప్పండి. 'ముందుకు 5, కుడికి' అన్నదే నాలుగుసార్లు రాయాల్సి వస్తుందని గమనించి, 'ఇది 4 సార్లు' అని ఎవరో ఒకరు అంటారు. లూప్ అనే మాట అప్పుడు పరిచయం చేయండి. అవసరం పడ్డాక వచ్చిన పేరు మరిచిపోరు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1967లో అమెరికాలో వాలీ ఫోర్జిగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్ పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. కొన్నాళ్లకు దానికి నేల మీద పాకుతూ పెన్నుతో గీతలు గీసే యంత్రాన్ని జోడించారు. దాన్ని తాబేలు అనేవారు. తాబేలు ఎటు తిరగాలో తోచకపోతే పిల్లలు తామే తాబేలై నడిచి చూసుకోవాలన్నది పాపర్ట్ పద్ధతి. మీ వరండాలో జరిగేదీ అదే.

కిట్టులో ఏముండాలి

రెండు చక్రాల బండి చాలు. ఆర్డుయినో ఊనో బోర్డు (మనం రాసిన ప్రోగ్రాం ఎక్కేది దీంట్లోకే), పసుపు రంగు గేరు మోటార్లు రెండు (కొట్లలో బీవో మోటార్లంటారు), వాటి చక్రాలు, ముందు ఒక చిన్న తిరుగుడు చక్రం, ఎల్298ఎన్ మోటారు డ్రైవరు (బోర్డు చెప్పినట్టు మోటార్లకు కరెంటు ఇచ్చేది), దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు హెచ్‌సీ-ఎస్ఆర్04 ఒకటి, ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్లు రెండు, నేల తెలుపో నలుపో పసిగట్టేవి. ఇవన్నీ విడిగా కూడా కొనుక్కోవచ్చు. రోబో చేయి, నడిచే బొమ్మ, మాట్లాడే తల లాంటివి ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. అవి చూడ్డానికి బాగుంటాయి, కానీ పిల్లలు మార్చి చూసుకోవడానికి వాటిలో ఏమీ మిగలదు. ల్యాబులో 3డీ ప్రింటర్ ఉంటే దాని జోలికీ ఇప్పుడే పోకండి. దాని నాజిల్ (ప్లాస్టిక్ బయటికొచ్చే మొన) శుభ్రం చేసుకుంటూ కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది.

మైక్రోబిట్ బోర్డు దొరికితే ఇంకా సుళువు. బీబీసీ 2016లో బ్రిటన్ బడిపిల్లల కోసం తెచ్చిన బోర్డు అది. రెండు బటన్లు, 25 చిన్న లైట్లు, కదలికను పసిగట్టే సెన్సరు దాని మీదే ఉంటాయి, వైర్ల గొడవ తక్కువ. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఊనోయే కాబట్టి దాని గురించే చెబుతాను.

బ్యాటరీ దగ్గరే చాలా స్కూళ్లలో రోబో మూలపడుతుంది. తొమ్మిది వోల్ట్ల చిన్న చదరపు బ్యాటరీ కొనకండి. మోటార్లు లాగేంత కరెంటు అది ఇవ్వలేదు. మోటారు తిరగబోగానే వోల్టేజి పడిపోయి బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, పిల్లలేమో ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. 18650 లిథియం సెల్స్ రెండు ఒకదాని వెనక ఒకటి (సిరీస్‌లో) పెడితే 7.4 వోల్టులు వస్తాయి. ఎల్298ఎన్ డ్రైవరు అందులో దాదాపు రెండు వోల్టులు మింగేసినా మోటార్లకు మిగిలింది సరిపోతుంది.

బిగింపుకు రెండు పీరియడ్లే

స్క్రూలు బిగించడం పిల్లలకు సరదా. అందుకే అది నెలంతా సాగుతుంది. మీకు కావాల్సింది కంప్యూటర్ సైన్స్ కాబట్టి ఐదారుగురితో రెండు పీరియడ్లలో ముగించండి. లేదా సాయంత్రం మీరే బిగించి, మర్నాడు విప్పి చూపించండి.

మోటార్ల నాలుగు వైర్లు డ్రైవరుకు. డ్రైవరు నుంచి నాలుగు వైర్లు ఊనో పిన్నులకు. బ్యాటరీ ప్లస్ డ్రైవరుకు. డ్రైవరులోని ఐదు వోల్టుల పిన్ను నుంచి ఊనో ఐదు వోల్టుల పిన్నుకు. బ్యాటరీ మైనస్, డ్రైవరు గ్రౌండు, ఊనో గ్రౌండు మూడూ కలవాలి. అన్నీ సరిగ్గానే ఉన్నా బండి కదలడం లేదంటే ముందు ఈ గ్రౌండు వైరే చూడండి. వేగం మార్చాలంటే డ్రైవరు మీద ఈఎన్ఏ, ఈఎన్‌బీ అని రాసిన చోట ఉన్న చిన్న జంపర్లు (రెండు పిన్నులను కలిపే టోపీలు) తీసి, ఆ పిన్నులను ఊనోలో ~ గుర్తున్న పిన్నులకు కలపాలి.

ల్యాప్‌టాప్‌లో ఎంబ్లాక్ (mBlock) గానీ పిక్టోబ్లాక్స్ (PictoBlox) గానీ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని వెళ్లండి. బడిలో నెట్ మీద ఆశ పెట్టుకోవద్దు. రెండూ స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లా రంగురంగుల దిమ్మెలు పేర్చే పద్ధతే. అప్‌లోడ్ మోడ్ (ప్రోగ్రాంను బోర్డులోకే ఎక్కించే పద్ధతి) ఎంచుకుంటేనే కేబుల్ తీసేశాక కూడా బండి నడుస్తుంది. బోర్డును ల్యాప్‌టాప్ గుర్తించకపోతే రెండు అనుమానాలు: చవక బోర్డులకు కావాల్సిన సీహెచ్340 అనే డ్రైవరు సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో వేయలేదు, లేదా మీ చేతిలో ఉన్నది ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుల్. కేబుల్ పెట్టేటప్పుడు బ్యాటరీ స్విచ్ కట్టేసి, బండిని డస్టర్ మీద నిలబెట్టండి. చక్రాలు గాల్లో ఉంటే టేబుల్ మీంచి దూకదు.

సూటిగా వెళ్లదు. సంతోషించండి

మొదటి ప్రోగ్రాం: రెండు మోటార్లు ముందుకు, రెండు సెకన్లు, ఆగు. స్విచ్ వేసేముందు ప్రతి జట్టూ బండి ఎక్కడ ఆగుతుందో నేల మీద సుద్దతో గీత గీయాలి. బండి వాళ్ల గీత దాకా రాదు, పైగా పక్కకు లాగుతుంది. ఒకే వోల్టేజి ఇచ్చినా రెండు మోటార్లు ఒకే వేగంతో తిరగవు మరి.

"సార్, ఇది చెప్పిన మాట వినట్లేదు!"

"వింటోంది అబ్బయ్యా. నువ్వు చెప్పింది అంతే."

ఇక్కడ తొందరపడి మీరు సరిచేయకండి. ఏ చక్రం వేగంగా తిరుగుతోందో వాళ్లే కనుక్కోవాలి. వేగానికి 0 నుంచి 255 దాకా అంకె ఇవ్వొచ్చని చెప్పండి. ఎడమ 200, కుడి 200 పెడితే కుడికి లాగుతోందంటే ఎడమ చక్రం ముందుంటోందన్నమాట. దాన్ని 190 చేసి చూస్తారు, 185 చేస్తారు. 'వందో, వెయ్యో పెట్టకుండా 255 ఏమిటి సార్?' అని ఎవరైనా అడిగితే ఆ పీరియడ్ మిగతా పని పక్కన పెట్టి బైనరీ చెప్పేయండి. ఎనిమిది గడులు గీసి ఒక్కో దాంట్లో 0 గానీ 1 గానీ పెట్టొచ్చంటే ఎన్ని రకాలు వస్తాయో లెక్కేయమనండి. 256. సున్నా నుంచి లెక్కపెడితే ఆఖరిది 255. అంతకన్నా మంచి సందర్భం మళ్లీ దొరకదు.

తర్వాత పట్టిక. ఒక సెకను, రెండు సెకన్లు, మూడు సెకన్లు నడిపి దూరం కొలిచి రాయాలి. మీటరు దూరంలో ఆగాలంటే ఎంతసేపు నడపాలో పట్టిక చూసి చెప్పాలి. ఆ కాలాన్ని ప్రోగ్రాంలో పది చోట్ల అంకెగా రాయకుండా 'మీటరుకాలం' అని పేరు పెట్టి ఒకే చోట దాచమనండి. అదే వేరియబుల్. ఈ కిట్ల చక్రం వ్యాసం సాధారణంగా 65 మిల్లీమీటర్లు ఉంటుంది. దారంతో చుట్టు కొలిస్తే 20 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ వస్తుంది, పై (π) విలువ కూడా అలా ఒకసారి చేతికి తగులుతుంది.

వారం తర్వాత అదే ప్రోగ్రాం మళ్లీ నడిపించండి. బ్యాటరీ దిగింది కాబట్టి మీటరుకు ముందే ఆగిపోతుంది. కోడ్ మారలేదు, ఫలితం మారింది. ఎందుకో పిల్లలతో చెప్పించండి. బండికి తాను ఎక్కడుందో తెలియదు, గడియారం చూసుకుని పోతోందంతే. కళ్లు కావాలన్న మాట వాళ్ల నోటే వస్తుంది.

కళ్లు పెట్టేలోపు ఒక వారం ముగ్గులకు ఇవ్వండి. చదరం, త్రిభుజం, నక్షత్రం ముందు ల్యాప్‌టాప్‌లో స్క్రాచ్ పెన్నుతో గీయించండి. బండికి స్కెచ్ పెన్ను కట్టి గీయించడం చదరం దాకానే బాగుంటుంది, ఈ మోటార్ల కోణాలను నమ్మలేం. సమబాహు త్రిభుజానికి అందరూ 60 డిగ్రీలు తిప్పుతారు. బొమ్మ తెరుచుకుని పోతుంది. తిరగాల్సింది లోపలి కోణం కాదు, బయటి కోణం: 120. ఐదు మొనల నక్షత్రానికి 144. సంక్రాంతి ముగ్గులు బాగా వేసే అమ్మాయిలు ఈ వారం క్లాసును నడిపిస్తారు. చదరాన్ని ఒక దిమ్మెగా చేసి 'చదరం' అని పేరు పెట్టి, దాన్ని 10 డిగ్రీలు తిప్పుతూ 36 సార్లు పిలవమనండి. ఫంక్షన్ అంటే ఏమిటో వేరే వివరించక్కర్లేదు.

కళ్లు పెట్టే వారం

అల్ట్రాసోనిక్ సెన్సరు మన చెవికి వినిపించని శబ్దాన్ని పంపి, అది తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన కాలాన్ని కొలుస్తుంది. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది, అంటే మైక్రోసెకనుకు (సెకనులో పది లక్షల వంతుకు) 0.0343 సెంటీమీటర్లు. సెన్సరు 1166 మైక్రోసెకన్లు చూపించిందంటే 1166 × 0.0343 ÷ 2, దాదాపు 20 సెంటీమీటర్లు. రెండుతో ఎందుకు భాగించాలో చెప్పమంటే సగం మంది తడబడతారు. మీరు గోడ దాకా నడిచి వెనక్కి రండి, తెలిసిపోతుంది. 343 అన్నది సుమారు 20 డిగ్రీల దగ్గరి లెక్క. ఒంటిపూట బడుల రోజుల్లో ఎండ 35 డిగ్రీలకు చేరితే 352 అవుతుంది, మీటరు దూరానికి రెండున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. తొమ్మిదో తరగతి ధ్వని పాఠం చెప్పేటప్పుడు ఈ బండిని పట్టుకెళ్లండి.

ఇప్పుడు పని: అడ్డం 20 సెంటీమీటర్లలోపు వస్తే ఆగాలి. దాదాపు ప్రతి జట్టూ ఇలా రాస్తుంది: ముందుకు నడువు, దూరం 20 కన్నా తక్కువైతే ఆగు. బండి పోయి గోడకు కొట్టుకుంటుంది. 'సెన్సరు పాడైంది సార్' అంటారు. సెన్సరు బాగానే ఉంది. ఆ ప్రోగ్రాం బయల్దేరిన క్షణాన ఒక్కసారి చూసి, అడ్డం లేదు కాబట్టి ఇక చూడటం మానేసింది. షరతును 'ఎప్పటికీ' దిమ్మె లోపల పెట్టాలి. ఎందుకలా అయ్యిందో మళ్లీ వరండాలో రోబో ఆట ఆడించి తేల్చండి. ఈ ఒక్క తప్పు మీద పీరియడ్ మొత్తం పోయినా పర్వాలేదు. ఏటవాలు అట్టను, పలచటి గుడ్డను కూడా అడ్డం పెట్టి చూడమనండి. ఏటవాలుగా ఉంటే శబ్దం పక్కకు పోతుంది, గుడ్డ కొంత పీల్చేస్తుంది, కొలత తప్పుతుంది. సెన్సరు చెప్పిందల్లా నిజం కాదని కూడా వాళ్లకు తెలియాలి.

తర్వాత గీత వెంట నడిచే బండి. నేలకు పాత ఫ్లెక్సీ తెచ్చుకోండి, మన ఊళ్లలో వాటికి కరువేముంది! తిరగేసి తెల్లవైపు నల్లటి ఎలక్ట్రికల్ టేపు అతికిస్తే ట్రాక్ తయారు. రెండు ఐఆర్ సెన్సర్లు టేపుకు చెరో పక్క, నేలకు సెంటీమీటరు ఎత్తులో ఉండాలి. కోడ్ రాసేముందు పలక మీద పట్టిక గీయించండి: రెండూ తెలుపు మీద ఉంటే ముందుకు, ఎడమది నలుపు మీదకొస్తే ఎడమకు, కుడిది నలుపు మీదకొస్తే కుడికి, రెండూ నలుపైతే ఆగు. నాలుగే వరసలు, ఐదోది ఉండదు. మూడు సెన్సర్లుంటే ఎన్ని వరసలని అడగండి. బోర్డుకు అందేది రెండు బిట్లే, దాంతోనే అది అంత పనీ చేస్తోంది. చాలా మాడ్యూళ్లలో తెలుపు మీద ఉంటే 0, నలుపు మీద ఉంటే 1 వస్తుంది. మీ దాంట్లో ఎలా వస్తోందో ముందు చూసుకోండి. సెన్సరు మీది చిన్న స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు. ఇది వరండాలో చేయకండి. ఎండలోనూ ఐఆర్ ఉంటుంది, సెన్సర్లు ఊరికే తికమకపడతాయి. గది కిటికీలు వేసి చేయండి.

నలభై మందిని ఎలా సర్దాలి

జట్టుకు ఐదుగురు: ప్రోగ్రాం రాసేవారు, కీబోర్డు దగ్గర ఉండేవారు, అంచనా చెప్పేవారు, కొలిచేవారు, పుస్తకం రాసేవారు. ప్రతి వారం పనులు మారాలి. మార్చకపోతే కీబోర్డు దగ్గర ఎప్పుడూ అదే అబ్బాయి, పుస్తకం రాస్తూ ఎప్పుడూ అదే అమ్మాయి ఉంటారు. మీరు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఇది. రోబో ఒక జట్టు దగ్గర ఉన్నంతసేపూ మిగతావాళ్లు తమ ప్రోగ్రాం పలక మీద సిద్ధం చేసుకుంటారు. హైస్కూల్లో ఐఎఫ్‌పీ ప్యానెల్ (తరగతిలో పెట్టే పెద్ద టచ్ తెర) ఉంటే, ఒక జట్టు కోడ్‌ను పెద్దగా చూపించి, బండిని వదలకముందే అందరితో అంచనా వేయించండి. నెట్ ఉన్న రోజు టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్‌లో ఊనోను తెరమీదే నడిపి చూడొచ్చు.

పుస్తకంలో రాయాల్సింది నాలుగు ముక్కలు: ఏమనుకున్నాం, ఏమైంది, ఎందుకయ్యింది, ఏం మార్చాం. మార్కులు వేస్తే ఈ పుస్తకానికే వేయండి, సూటిగా నడిచిన బండికి వేయొద్దు. లేకపోతే పక్క జట్టు కోడ్ రాత్రికి రాత్రి ఫోన్లలో చేతులు మారుతుంది. పరీక్షలో రోబో అక్కర్లేదు. ఎనిమిది వరసల ప్రోగ్రాం ఇచ్చి, బండి ఏ గడిలో ఆగుతుందని అడిగితే చాలు.

మన ఊరి పని ఒకటి

ఏడాది చివర్లో చక్రాలు తీసేసి, సెన్సరు, షరతు మిగిల్చి ఒక పని ఇవ్వండి. అల్లూరు, ముత్తుకూరు, కొత్తపట్నం వైపు పిల్లలకు రొయ్యల చెరువులు తెలుసు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుందని, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పాలని వాళ్ల ఇళ్లలో రోజూ వినే మాటే. నిజమైన ఆక్సిజన్ సెన్సరు ఖరీదెక్కువ, దాని బదులు తిప్పుడు నాబ్ ఒకటి పెట్టి, ఏరియేటరు బదులు చిన్న మోటారు పెట్టండి. 'ఆక్సిజన్ అంకె 4 కన్నా తగ్గితే తిప్పు, లేకపోతే ఆపు' అని రాస్తారు. నాబ్‌ను 4 దగ్గర కదిలిస్తే మోటారు టకటకా ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. అలా చేస్తే నిజం మోటారు కాలిపోతుందని చెరువు కాడ పెరిగిన పిల్లవాడే చెబుతాడు. పరిష్కారమూ వాళ్లనే అడగండి: 4 కన్నా తగ్గితే మొదలుపెట్టు, 5 దాటితేనే ఆపు. రెండింటి మధ్య ఉంటే ఇప్పుడు ఏం చేస్తున్నావో అదే చెయ్. అంటే ప్రోగ్రాంకు తన ప్రస్తుత స్థితి గుర్తుండాలి. పొదిలి, కొండపి వైపైతే ఇదే పాఠాన్ని పొగాకు బ్యారన్‌తో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంతో) చెప్పొచ్చు. ఒక దశ పూర్తయితేనే తర్వాతి దశకు వేడి పెంచాలి కాబట్టి అక్కడ స్థితులు ఇంకా ఎక్కువ.

పదో తరగతికి వెళ్లబోయే వాళ్లకు అదే ప్రోగ్రాంను దిమ్మెల పక్కన ఆర్డుయినో అక్షరాల కోడ్‌గా చూపించండి. ఎంబ్లాక్, పిక్టోబ్లాక్స్ రెండూ అప్‌లోడ్ మోడ్‌లో పక్కనే చూపిస్తాయి. ఏ దిమ్మె ఏ వరసైందో గీతలు గీసి కలపమంటే ఇంగ్లీషు కోడ్ భయం సగం తగ్గుతుంది.

వేసవి సెలవులకు కిట్టు లోపల పెట్టేముందు లిథియం సెల్స్ హోల్డర్ నుంచి తీసేయండి. పూర్తిగా నిండినవీ వద్దు, ఖాళీవీ వద్దు, సగం ఛార్జింగుతో విడివిడిగా ప్లాస్టిక్ డబ్బాలో, ఎండ తగలని అరలో పెట్టండి. తాళాల గుత్తి, నాణేలు ఆ డబ్బాలో పడకుండా చూసుకోండి. ఛార్జింగ్ ఎప్పుడైనా మీ కళ్లముందే పెట్టాలి, స్టాఫ్ రూంలో రాత్రంతా వదిలేసి వెళ్లొద్దు. ఉబ్బిన సెల్, పైపొర చిరిగిన సెల్ కనిపిస్తే ఇంకోసారి వాడి చూద్దామని ఉంచుకోకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.